అసలు బొమ్మ, కొసరు బొమ్మ

సినిమా పత్రికలో వీడియో గేముల గొడవేమిటని పాఠకులు విసుక్కోకండి. జానపద చిత్రమంటే చెవి కోసుకునేవాళ్ళు మనలో లెక్కలేనంతమంది. ఈ వారం కబురు కూడా జానపదం గురించే. కాకపోతే ఈ జానపదం ఆడే తెర అరచేతి వెడల్పు. దానికి నేల లేదు, బెంచీ లేదు, కుర్చీ లేదు. హీరో వేషం మాత్రం ప్రేక్షకుడిదే!

ఈ రకం ఆటను రోల్‌ప్లేయింగ్ గేమ్ అంటారు. ఆడేవాడే కథానాయకుడి పాత్ర కట్టి కథ నడిపిస్తాడన్నమాట. ఆ ఆట అమ్మడానికి కంపెనీలు ఇచ్చే ఉచిత బహుమతులు ఒక ఎత్తు. ఆట మీద మోజుతో అభిమానులు తమ చేత్తో గీసుకునే బొమ్మలు మరొక ఎత్తు. సంతలో కూరగాయలు తూచాక చివర్న వేసే గుప్పెడు పచ్చిమిరపకాయల్ని కొసరు అంటాం కదా! కంపెనీ ఇచ్చే బహుమతి అలాంటి కొసరే. మరి అభిమాని గీసిన బొమ్మ ఏ లెక్కలోకి వస్తుంది? మార్కాపురం, గిద్దలూరు వైపు జనానికి ఈ ప్రశ్నతో చాలా దగ్గరి చుట్టరికం ఉంది. ఎందుకో చెబుతాను.

★ తోటరాముడు ఆడిన ఆట

1951 మార్చి 15న విడుదలైన 'పాతాళ భైరవి'ని ఒకసారి గుర్తు చేసుకోండి. తోటమాలి కొడుకు రాముడు రాకుమారిని వలచాడు. డబ్బు సంపాదించుకు రమ్మన్నాడు రాజు. చేతిలో చిల్లిగవ్వ లేదు. నేపాళ మాంత్రికుడి వెంట వెళ్ళాడు. గుహలోకి దిగాడు, మొసలితో తలపడ్డాడు, ప్రతిమ సంపాదించాడు. దాన్ని పోగొట్టుకున్నాడు, మళ్ళీ సాధించాడు. పక్కన అంజిగాడు ఉండనే ఉన్నాడు.

చేతిలో పట్టే జానపదపు ఆటలు ఏది తీసుకున్నా వరస ఇంతే. చిన్న ఊరి కుర్రాడు ఇల్లు వదిలి బయల్దేరతాడు. దారిలో తోడు దొరుకుతుంది, వస్తువు దొరుకుతుంది, శక్తి పెరుగుతుంది. ప్రతి మజిలీలోనూ ఒక గండం. కె.వి. రెడ్డిగారూ పింగళివారూ ఏనాడో చేసిన కథనే జపాను వాళ్ళు బొత్తాలు నొక్కి నడిపించే బొమ్మగా చేశారా అనిపిస్తుంది. జానపదం ఏ దేశంలో పుట్టినా దాని నడక ఒకటే మరి.

ఆ ఆటల్లో లోకమంతా పేరు మోగిపోయింది 'పోకెమాన్'. 1996 ఫిబ్రవరి 27న జపానులో నింటెండో వారి గేమ్‌బాయ్ అనే చేతి యంత్రం మీద వచ్చింది. దాన్ని తలపెట్టిన సతోషి తజిరి చిన్నప్పుడు పురుగులు పట్టుకునే సరదా ఉన్నవాడు. ఆ సరదాయే ఆటైంది. వింత జీవుల్ని పట్టుకోవడం, పెంచడం, స్నేహితుడితో ఇచ్చిపుచ్చుకోవడం. తొలకరి పడగానే ఆరుద్ర పురుగుల్ని అగ్గిపెట్టెలో దాచుకున్నవాళ్ళకూ, తూనీగ తోకకు దారం కట్టి తిప్పినవాళ్ళకూ ఈ ఆట కిటుకు విడమరచి చెప్పక్కర్లేదు. నల్లమల అంచు పల్లెల్లో పెరిగిన పిల్లలంతా చేసిన పనే అది.

★ ఇరవై మందికే వరం

ఇక కొసరు సంగతి. ఆ ఆటలో పట్టుకోవాల్సిన జీవులు 150 అని ప్రకటించారు. షిగెకి మొరిమోటో అనే ప్రోగ్రామరు, పని పూర్తయ్యాక మిగిలిన కాస్తంత జాగాలో 151వ జీవిని ఒకదాన్ని దూర్చి పెట్టాడు. దాని పేరు 'మ్యూ'. మామూలుగా ఆడితే అది కనబడదు, చిక్కదు. అయినా ఆట మార్కెట్లోకి వచ్చాక ఆ నోటా ఈ నోటా గుసగుసలు బయల్దేరాయి.

అప్పుడు 'కొరోకొరో' అనే పిల్లల పత్రిక ఒక పోటీ ప్రకటించింది. అదృష్టం వరించిన ఇరవై మందికి మాత్రమే మ్యూ ఇస్తామన్నది. ఎన్ని దరఖాస్తులు వచ్చాయనుకుంటున్నారు? 78,000! అప్పటిదాకా నెమ్మదిగా అమ్ముడవుతున్న ఆట ఈ పోటీతో పుంజుకుంది. తెర మీద కనిపించే నాలుగు చుక్కల బొమ్మ కోసం పిల్లలు అంత ఆరాటపడ్డారంటే కొసరుకున్న బలం అర్థం చేసుకోండి.

మన సినిమా వ్యాపారులు కూడా ఈ కిటుకు తెలియనివాళ్ళేం కాదు. "ఈ దృశ్యం మరోసారి చూపం", "ఈ అవకాశం ఈ వారమే" అని పెద్దక్షరాల్లో వేసి ఎన్ని హాళ్ళు నింపారో! అందరికీ అందనిదాని మీదే మనసు పోతుంది. అది మనిషి గుణం.

★ చిప్స్ పొట్లంలో వచ్చిన జపాను

గేమ్‌బాయ్ యంత్రం మన పడమటి ప్రకాశం పిల్లలకు కలలో మాట. తిరునాళ్ళ కొట్లలో దొరికే ఇటుకలాట పెట్టె ఒక్కటే వాళ్ళకు తెలిసిన వీడియో గేము. పై నుంచి ముక్కలు పడుతుంటాయి, మనం సర్దుతుంటాం, అంతే. దాన్లో కథ లేదు, మాంత్రికుడు లేడు.

అయినా పోకెమాన్ వచ్చింది. అడ్డదారిన వచ్చింది! 2003లో కార్టూన్ నెట్‌వర్క్ దాన్ని మన దేశంలో ప్రసారం చేయడం మొదలెట్టింది. ఆ దశాబ్దంలోనే చిప్స్ పొట్లాల్లో టాజోలు అనే గుండ్రటి బిళ్ళలు వచ్చాయి. వాటి మీద ఆ జీవుల బొమ్మలు. అసలు ఆట చూడని పిల్లలు కొసరు బిళ్ళ మాత్రం చూశారు. కంభం బస్టాండు కొట్లో వేలాడే పొట్లాల దండలో జపాను జానపదం వేలాడిందన్నమాట.

ఏ ఇంట్లోనైనా మాటలు ఇలాగే ఉండేవి కదా…

"ఒరేయ్ అబ్బాయ్, పొట్లం చించి బిళ్ళ తీసుకుని చిప్స్ చెల్లికిచ్చావేందిరా? ఇట్టయితే నీ కడుపు నిండుద్దా?"

"ఉండమ్మా! ఇది నా కాడ లేని బొమ్మ."

కడుపు నిండకపోయినా ఫరవాలేదు, లేని బొమ్మ దొరికింది చాలు! వ్యాపారికి కావలసింది సరిగ్గా అదే. పిల్లవాడు కొన్నది చిప్స్, కోరింది బిళ్ళ.

అంతకు ముందు తరం వాళ్ళు నవ్వుకోనక్కర్లేదు. 1980ల చివర్లో బిగ్ ఫన్ బబుల్‌గమ్ కాగితాల్లో వచ్చే క్రికెట్ చీటీల మీది పరుగులూ వికెట్లూ కూడబెట్టినవాళ్ళు వాళ్ళే. నమిలిన గమ్ కన్నా దాచిన చీటీలే ఎక్కువ.

★ మన హాళ్ళ కొసరు

మరి ఇంకా ముందుకు, అంటే వెనక్కి వెళ్దాం. సినిమా హాలువాడు ప్రేక్షకుడికి ఇచ్చిన మొదటి కొసరు ఏది? కరపత్రం! జట్కా బండికో రిక్షాకో రెండు వైపులా పోస్టర్లు కట్టి, మైకులో పాట పెట్టి, గులాబీ రంగు, పసుపు రంగు కాగితాలు విసురుకుంటూ పోయేవాళ్ళు. పిల్లలు దుమ్ములో పడి పరుగెత్తేవాళ్ళు. సినిమాకు డబ్బులు ఉన్నా లేకపోయినా కాగితం మాత్రం దక్కేది. ఆ కాగితం మీద కత్తి పట్టుకున్న హీరో బొమ్మ నల్ల సిరాలో అలుక్కుపోయి ఉండేది. ముక్కేదో మూతేదో మనమే ఊహించుకోవాలి!

తర్వాతిది పాటల పుస్తకం. ఇది ఉచితం కాదు, చిల్లర డబ్బులకు హాలు దగ్గరే అమ్మేవాళ్ళు. కాగితం పల్చన, అచ్చు మసక. కథ సగం చెప్పి, సరిగ్గా రాకుమారిని రాక్షసుడు ఎత్తుకుపోయే చోట ఆపి, మిగతాది వెండితెర మీద చూడమని ముగించేవాళ్ళు. ఈనాటి పెద్ద పెద్ద కంపెనీల ప్రచార నిపుణులు ఇంతకంటే గొప్ప ఎత్తు వేశారా? నాకైతే కనబడలేదు.

జానపద చిత్రాలకు ఇంకో పెద్ద తోడు 'చందమామ'. 1947 జూలైలో దాన్ని మొదలుపెట్టిన నాగిరెడ్డి, చక్రపాణిగార్లే విజయా సంస్థనూ నడిపారు. ఒకే గడపలో రెండు మాయాబజార్లు! తెర మీద మాంత్రికుణ్ణి చూసినవాళ్ళకు పుస్తకంలోనూ మాంత్రికుడు దొరికేవాడు. వడ్డాది పాపయ్యగారు 'వపా' అని సంతకం చేసిన ముఖచిత్రాలు చించి గోడకు అంటించుకోని ఇల్లు తక్కువ. శవాన్ని భుజాన వేసుకుని నడిచే విక్రమార్కుణ్ణి మనందరి కళ్ళలో నిలిపిన శంకర్‌గారు 2020 సెప్టెంబరులో, 97వ ఏట కన్నుమూశారు. ఆయన గీసిన ఆ ఒక్క బొమ్మను ఎంతమంది పిల్లలు ఎత్తి రాసుకున్నారో ఎవరు లెక్కపెట్టగలరు?

★ పలకల ఊళ్ళో బొమ్మలు

ఎత్తి రాసుకోవడం అన్నాను కదా. దేని మీద? ఇక్కడే మార్కాపురం వస్తుంది.

దేశంలో చదువుకున్నవాళ్ళలో ఎంతోమంది మొదటి అక్షరం దిద్దింది మార్కాపురం పలక మీద. ఆ చుట్టుపక్కల భూమిలో పొరలు పొరలుగా దొరికే పలకరాయికి ఆ ఊరు పెట్టింది పేరు. ఆ రాతి వరసలకు భూగర్భ శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు కూడా కంభం పేరే. గనిలో రాయి తీయడం, పొర విడదీయడం, నునుపు చేయడం, చెక్క చట్రం బిగించడం… ఇంత పని జరిగాక అది బడి సంచిలోకి చేరేది. 1970 దాకా కర్నూలు జిల్లాలో ఉండి, ఆ సంవత్సరం ఒంగోలు జిల్లాలో కలిసిన మెట్ట ప్రాంతం ఇది. వానలు తక్కువ. పొలం చేయిచ్చిన ఏడు పలకే కూడు పెట్టింది.

ఆ పలక మీద పంతులుగారు చూస్తే 'అ ఆ'లు. పంతులుగారు అటు తిరిగితే? కత్తి కాంతారావు! కిరీటం సగం, మీసం సగం, కత్తి మాత్రం నిండుగా పలక ఈ మూల నుంచి ఆ మూలకు. గంట కొట్టగానే అరచేత్తో తుడిచేస్తే బొమ్మ మాయం. సాయంత్రం బొగ్గూ దొండాకూ రుద్ది కడిగితే పలక మళ్ళీ కొత్తది. రేపు ఇంకో హీరో.

ఆలోచించండి. అభిమాని గీసిన మొదటి బొమ్మ ఇదే. ఎవరూ అడగలేదు, ఎవరూ ప్రైజు ఇస్తామనలేదు. చూసిన సినిమా మనసులో ఆగక చేతి వేళ్ళలోకి దిగింది. కంపెనీ ఇచ్చిన కరపత్రం చిరిగిపోయింది, పలక మీది బొమ్మ చెరిగిపోయింది. కానీ గీసిన చెయ్యి మిగిలింది! ఆ చేతులే పెద్దవై ఊళ్ళలో సైన్‌బోర్డులు రాశాయి, సంక్రాంతికి అభిమాన సంఘాల బ్యానర్లు రాశాయి, పెళ్ళి పందిట్లో వధూవరుల పేర్లు రాశాయి.

పైన మద్రాసులోనూ కథ ఇలాంటిదే. పాలకొల్లు నుంచి వెళ్ళిన ఈశ్వర్‌గారు 1967లో బాపు 'సాక్షి'తో మొదలుపెట్టి రెండు వేలకు పైగా చిత్రాలకు పోస్టర్లు తీర్చిదిద్దారు. ఆ అనుభవాన్నంతా 'సినిమా పోస్టర్' అనే పుస్తకంగా రాస్తే నంది బహుమతి వచ్చింది. 2021లో ఆయన వెళ్ళిపోయారు. హాలు గోడ మీద ఆయన గీసిన హీరో ముఖం చూసి, ఇంటికి పోయి పలక మీద దిద్దుకున్న పిల్లలే ఆయనకు శిష్యులు. గురువుకు శిష్యుడి పేరు తెలియదు, శిష్యుడికి గురువు పేరు తెలియదు.

2000ల నడిమికి ఫ్లెక్సు వచ్చింది. కుంచె మూల కూచుంది. ఇప్పుడు సినిమా రిలీజైతే ఫ్లెక్సులో హీరో ముఖం కన్నా కింద వరసల్లో అభిమానుల పాస్‌పోర్టు ఫోటోలే ఎక్కువ. అటు పలకల పరిశ్రమనూ నోటు పుస్తకాలూ ప్లాస్టిక్ పలకలూ దెబ్బతీశాయి. పలకరాయిని ఇప్పుడు గోడలకూ నేలకూ వేసే బిళ్ళలుగా కోసి ఎగుమతి చేస్తున్నారు. పరాయి దేశంలో ఎవరి ఇంటి గోడకో మన రాయి అందంగా అతుక్కుంటుంది. మంచిదే. కానీ దాని మీద ఏ పిల్లవాడూ బొమ్మ గీయడు.

★ అభిమానే చిత్రకారుడు

మళ్ళీ జపాను పోదాం. పోకెమాన్ పుట్టుక వెనక అసలు కీలకం ఇప్పుడు చెబుతాను.

1983లో తజిరి, ఇంకా ఇరవై నిండని కుర్రాడు, వీడియో గేముల మీద పిచ్చితో ఒక పత్రిక పెట్టాడు. పేరు 'గేమ్ ఫ్రీక్'. మొదట్లో చేతిరాత, జెరాక్సు, మూలన పిన్ను! మన ఊళ్ళలో కుర్రాళ్ళు పెట్టే లిఖిత పత్రిక లాంటిదే. అలాంటి చిన్న పత్రికలు అమ్మే ఒక కొట్లో కెన్ సుగిమోరి అనే మరో కుర్రాడు దాన్ని చూశాడు. నచ్చింది. "నేను బొమ్మలు వేస్తాను" అని వచ్చి చేరాడు. ఆ ఇద్దరు అభిమానులూ మరికొందరు స్నేహితులూ కలిసి 1989లో పత్రిక పేరుతోనే కంపెనీ పెట్టారు. ఏడేళ్ళకు పోకెమాన్ వచ్చింది. అందులోని జీవులకు లోకం గుర్తుపట్టే రూపం ఇచ్చింది సుగిమోరి గీతే.

అంటే ఏమిటి? అభిమాని బొమ్మ ఆటకు కొసరుగా రాలేదు. అభిమాని బొమ్మలోంచే ఆట వచ్చింది! ఆనాడు ఆ కుర్రాణ్ణి ఎవరైనా "పనీపాటా లేదా, ఈ పిచ్చి గీతలేమిటి" అని కసిరి కూచోబెట్టి ఉంటే, చిప్స్ పొట్లంలో బిళ్ళ ఉండేది కాదు, 78,000 మంది కార్డు ముక్కలు రాసేవాళ్ళూ కాదు.

★ ఆఫరు పొలిమేర దాటదు

కంపెనీ కొసరుకు ఒక జబ్బుంది. అది పట్నం పొలిమేరలో ఆగిపోతుంది. 2016లో 'పోకెమాన్ గో' అనే ఫోను ఆట వచ్చింది. వీధుల్లో తిరుగుతూ జీవుల్ని పట్టుకోవాలి. మన దేశంలో అదే ఏడాది డిసెంబరులో రిలయన్స్ జియోతో కలిసి విడుదల చేశారు. వాళ్ళ దుకాణాలే ఆటలో సరుకులు దొరికే మజిలీలన్నారు. దుకాణం ఉన్న చోట వరాలు, లేని చోట నడక. పల్లెటూళ్ళలో కాళ్ళు పీకేదాకా తిరిగినా ఏమీ తగలదని ప్రపంచమంతటా ఆటగాళ్ళు మొరపెట్టుకున్నారు. అడవినే ఆనుకుని ఉన్న దోర్నాల, అర్ధవీడు వైపు నిజం జీవులకు కొదవ లేదు గానీ ఆటలో జీవులు దొరకాలంటే ఎలా?

మన సినిమాల సంగతీ ఇంతే. 'బాహుబలి' రెండో భాగం 2017 ఏప్రిల్ 28న వచ్చినప్పుడు దానితోపాటు మూన్‌ఫ్రాగ్ అనే బెంగుళూరు సంస్థ ఫోనులో ఆడే 'బాహుబలి' ఆట తెచ్చింది. మాహిష్మతి కట్టుకోవడం, సైన్యం పెంచుకోవడం, కాలకేయుల్ని తరమడం. బొమ్మల కథలు, నవల, యానిమేషన్ కూడా వచ్చాయి. 2024లో 'కల్కి 2898 ఏడీ' కోసం 'బుజ్జి' అనే ఆరు టన్నుల బండిని నిజంగానే తయారుచేసి ఊళ్ళు తిప్పారు. ఊళ్ళంటే ఏ ఊళ్ళు? పెద్ద నగరాలు! గిద్దలూరు రైలు గేటు దగ్గర బుజ్జిని చూడాలంటే ఏ కుర్రాడో గోడ మీద గీసుకోవలసిందే.

గీసుకుంటాడు కూడా. నేను చెప్పేది అదే. కొసరు అందని చోట అభిమాని తన బొమ్మ తానే చేసుకుంటాడు. టాజో దొరకనివాడు అట్టముక్కను గాజు చుట్టూ గీసి, గుండ్రంగా కత్తిరించి, పసుపు రంగు పూస్తాడు. కొన్నదానికన్నా అదే ఎక్కువ రోజులు దాచుకుంటాడు.

★ పేరు ఎక్కడ?

ఇదంతా సరదాగా ఉంది కదా, మరి బాధేమిటంటారా? ఉంది.

ఒకటి. ఫోను వచ్చాక అభిమాని బొమ్మ తుడిస్తే పోయేది కాదు, లోకమంతా తిరిగేది. పండుగకో పుట్టినరోజుకో హీరోగారి బొమ్మ గీసి పెడతాడు ఒక కుర్రాడు. అది వంద చేతులు మారుతుంది. మారేటప్పుడు మూలనున్న సంతకం కత్తిరింపుకు పోతుంది. చివరికి ఏ పోస్టరు మీదో, ఏ చొక్కా మీదో ప్రత్యక్షమవుతుంది. గీసినవాడి పేరుండదు. ఒక రూపాయి మాట అటుంచండి, "బాగుందిరా" అన్న మాట కూడా వాడి చెవిన పడదు.

రెండు. అభిమానుల బొమ్మల పోటీలు. బహుమతి పెద్దక్షరాల్లో, షరతులు చీమ తలకాయంత అక్షరాల్లో. వచ్చిన బొమ్మలన్నీ మావే, ఎలాగైనా వాడుకుంటాం అని అందులో ఒక వాక్యం దాక్కుని ఉంటుంది. ఒకరికి ప్రైజు ఇచ్చి వేల బొమ్మలు పోగేసుకోవడం చౌక బేరమే!

మూడు. 2025 మార్చిలో ఒక విచిత్రం చూశాం. జపానులో జిబ్లీ సంస్థ చిత్రకారులు ఏళ్ళ తరబడి చేత్తో గీసి తెచ్చుకున్న శైలిని కృత్రిమ మేధ యంత్రం క్షణాల్లో వల్లించడం మొదలెట్టింది. జనం తమ ఫోటోలన్నీ అలా మార్చుకున్నారు. సినిమా స్టిల్స్ కూడా అదే వేషం వేసుకున్నాయి. వారం రోజులు ఎక్కడ చూసినా అవే కళ్ళు, అవే మబ్బులు. ముద్దుగానే ఉన్నాయి. కానీ అందులో చెయ్యి లేదు. పలక మీద కాంతారావు మీసం ఒకటి పొట్టి, ఒకటి పొడుగు వస్తే అది ఎవరు గీశారో తరగతి అంతటికీ తెలిసిపోయేది. యంత్రం బొమ్మలో అలాంటి గుర్తు ఎక్కడ వెతకను?

కుర్రాళ్ళకు మూడు ముక్కలు చెబుతాను, చెవిన వేసుకోండి. బొమ్మ మూలన కాదు, కత్తిరించడానికి వీల్లేని చోట సంతకం, ఊరు, తేదీ వేయండి. అసలు కాగితం పారేయకండి. పోటీకి పంపే ముందు చీమ తల అక్షరాలు చదవండి. 1957 కాపీరైట్ చట్టంలో 57వ సెక్షన్ అని ఒకటుంది. హక్కులు ఇంకొకరికి రాసిచ్చినా, "ఇది నా పని" అని చెప్పుకునే హక్కు కళాకారుడి దగ్గరే ఉంటుందని అది చెబుతుంది. అలాగే, ఆ పాత్రలు నిర్మాతల సొత్తు. సరదాకు గీసుకోవడం వేరు, అచ్చు వేసి అమ్మకానికి పెట్టడం వేరు. అమ్మాలనుకుంటే అనుమతి అడగండి.

★ వెయ్యి కాగితపు కొంగలు

ఇంతకీ అభిమాని చేతి పనికి విలువ ఎంత? దీనికి జవాబు మన సినిమాయే తెచ్చింది.

'ఆర్ఆర్ఆర్' 2022 అక్టోబరు 21న జపానులో విడుదలైంది. ఏడాదికి పైగా ఆడుతూనే ఉంది. 2024 మార్చిలో రాజమౌళి దంపతులు అక్కడికి వెళ్ళినప్పుడు 83 ఏళ్ళ అవ్వ ఒకరు వాళ్ళకు కానుక ఇచ్చారు. కాగితం మడిచి చేసిన కొంగలు. ఒకటి కాదు రెండు కాదు, వెయ్యి! ఆత్మీయులు చల్లగా ఉండాలని అలా మడిచి ఇవ్వడం ఆ దేశం ఆచారం. సినిమా తనకు ఇచ్చిన ఆనందానికి బదులుగా ఆమె వాటిని చేశారు. ఆ కొంగల ఫోటో పెట్టి, కొన్ని కానుకలకు బదులు తీర్చుకోలేమన్న అర్థం వచ్చేలా రాశారు రాజమౌళిగారు.

చూశారా! ఏ దేశం నుంచి బిళ్ళలూ బొమ్మలూ పొట్లాల్లో కట్టుకుని మన ఊరికి వచ్చాయో ఆ దేశానికి మన బొమ్మ వెళ్ళింది. తిరిగి వచ్చినవి మాత్రం అచ్చు వేసిన బిళ్ళలు కాదు. ముసలి వేళ్ళు ఓపిగ్గా మడిచిన వెయ్యి కాగితాలు. అందులో ఏ ఆఫరూ లేదు, ఏ షరతూ లేదు. ఏ ప్రచార విభాగమూ డబ్బు పోసి కొనలేని వస్తువు అది.

అందుకే నిర్మాతలకూ హాలు యజమానులకూ ఒక మనవి. కొసరు ఇవ్వండి, వద్దనం. ఇచ్చేటప్పుడు మార్కాపురం, గిద్దలూరు కూడా రాష్ట్రంలోనే ఉన్నాయని గుర్తుంచుకోండి. అంతకన్నా ముందు హాలు వరండాలో ఒక గోడ వదిలిపెట్టండి. ఆ ఊరి పిల్లలు గీసిన బొమ్మలు, పేరుతో, ఊరితో, అక్కడ అంటించండి. ఖర్చు నాలుగు గుండుసూదులు! పలకరాయి పుట్టిన గడ్డ అది. ఇంకా పనిలో ఉన్న పలకలవాళ్ళ చేత నాలుగు పెద్ద పలకలు చేయించి, పక్కన బలపాలు పెట్టి, ఇంటర్వెల్లో ఎవరికి తోచింది వాళ్ళు గీయమంటే ఇంకా మేలు. తుడిచేసినా ఫరవాలేదు, రెండో ఆటకు కొత్త బొమ్మ వస్తుంది.

ఇంట్లో పెద్దవాళ్ళకూ ఒక మాట. పిల్లవాడు పుస్తకం చివరి పేజీలో కొమ్ముల జీవి ఒకటి గీస్తే చెవి మెలిపెట్టకండి. "దీని పేరేందిరా, దీనికేం శక్తులున్నయి?" అని అడిగి చూడండి. అరగంట కథ చెప్పకపోతే అప్పుడు నన్నడగండి!

వచ్చేవారం మరో కబురుతో…